తేనెటీగలకు చెప్పిన మాట

హోబర్ట్, టాస్మానియా
3 మార్చి 1975

హార్క్‌ఫీల్డ్ చర్చి రిజిస్టర్లను కాపాడుతున్నవారికి,

మీరు ఆడో మగో, పెద్దో చిన్నో తెలియదు కనుక అన్ని రకాల మర్యాదలూ కలిపి ఒకేసారి సమర్పించుకుంటున్నాను.

నా పేరు క్రిస్టఫర్ లాకెట్. ఇంట్లో కిట్ అంటారు. ఇక్కడి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం రెండో ఏడు చదువుతున్నాను. అంటే చట్టం గురించి మాట్లాడేంత వచ్చింది, నోరు మూసుకునేంత ఇంకా రాలేదు.

విషయం ఒక సమాధి. హోబర్ట్‌కి ఎగువన, నది ఒడ్డున, బ్రాక్‌వెల్ అనే చిన్న ఊళ్లో చర్చి వెనక శ్మశానం ఉంది. దాన్ని చదును చేసి పచ్చిక వేయాలని చర్చి కమిటీ తీర్మానించింది. రాళ్ల మధ్య గడ్డి కోయడం కష్టంగా ఉందట. గడ్డి పెరిగితే చచ్చినవాళ్లకేమైనా అభ్యంతరమా అని ఎవరూ అడిగినట్టు లేదు. పత్రికలో ప్రకటన ఇచ్చారు. సెప్టెంబరు ముప్పైలోగా కుటుంబంలో పెద్దవాళ్లెవరైనా చుట్టరికం రుజువు చేసి, సంతకం పెట్టి "ఇది మాది" అంటే రాయి ఉంటుంది. లేకపోతే పీకి గోడకు ఆనిస్తారు. సంతకం పెట్టినవారి పేరు, చుట్టరికంతో సహా, ఆదివారం ప్రార్థనలో పైకి చదువుతారు.

అక్కడొక రాయి మీద "జాబెజ్ గారడ్, 1884, వయసు 76" అని ఉంది. మా నానమ్మ ఆల్మా పుట్టింటి పేరు గారడ్. పుట్టింది ఆ బ్రాక్‌వెల్‌లోనే. ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. కుటుంబంలో ఆమే పెద్ద.

"నానమ్మా, ఈయన మీ తాత కదూ?" అని అడిగాను.

"కాదు."

"మరెవరు?"

"ఎవరో. ఆ పేరుగలవాళ్లు కోకొల్లలు."

"టెలిఫోన్ పుస్తకంలో ఒక్కరూ లేరే."

"చచ్చినవాడు టెలిఫోన్ పెట్టించుకుంటాడా? టీ తాగు."

ఇక్కడ ఎవర్ని కదిపినా మా పెద్దలు సొంత ఖర్చుతో ఓడెక్కి వచ్చారనే అంటారు. ఈ ద్వీపానికి శిక్షపడి వచ్చిన డెబ్బై వేలమందీ పిల్లల్ని కనకుండా ఆవిరైపోయారన్నమాట. సైన్సువాళ్లు ఈ అద్భుతాన్ని ఇంకా పట్టించుకోలేదు.

ఖైదీల పుస్తకంలో వెతికాను. జాబెజ్ గారడ్, స్వస్థలం సఫోక్ జిల్లా హార్క్‌ఫీల్డ్, నేరం దొంగతనం, శిక్ష ఏడేళ్ల ద్వీపాంతరం. మీ పుస్తకాల్లో ఆయన జాడ ఉంటే దయచేసి పంపండి. కాగితం చేతిలో ఉంటే నానమ్మ ఎంత కాలం కాదంటుంది?

భవదీయుడు,
క్రిస్టఫర్ లాకెట్

* * *

హార్క్‌ఫీల్డ్, సఫోక్
17 మార్చి 1975

మిస్టర్ లాకెట్‌కి,

ఆడమనిషిని. అరవై ఒక్కేళ్లు. చర్చి పెట్టె తాళం నా దగ్గరుంటుంది.

మీరు అడిగినవి:

జాబెజ్ గారడ్, కూలివాడు. 1808లో బాప్తిస్మం. 1829లో సూసన్నా ఫిస్క్‌తో పెళ్లి. వరుడూ వధువూ ఇద్దరూ సంతకం స్థానంలో గీత గీశారు. 1830లో కూతురు, పేరు కెజయ్య.

1834 జూన్‌లో ఒక గడ్డిబుట్టనూ, అందులోని తేనెటీగలనూ దొంగిలించినట్టు ఆరోపణ. పుస్తకంలో ఉన్నది ఇంతే. ఊరికి తెలిసింది ఇంకొంచెం ఉంది.

మా వైపు తేనెటీగల్ని గడ్డిబుట్టల్లో పెంచేవారు. ఒక కట్టుబాటు కూడా ఉంది. పట్టులోంచి ఈగల గుంపు లేచి ఎగిరిపోతే, సొంతదారు పెనం మీద గరిటెతో కొడుతూ వెంటపడాలి. ఆ చప్పుడు నలుగురికీ వినబడినంత సేపూ గుంపు ఆయనదే, ఎవరి తోటలో వాలినా సరే. జాబెజ్ గుంపు ఆదివారం పొద్దున లేచింది. వెళ్లి ఆసామి స్టెబింగ్ ఆపిల్ చెట్టు మీద వాలింది. జాబెజ్ వెంట పరిగెత్తాడు. పెనం కూడా పట్టుకెళ్లాడు. కానీ చర్చిలో ప్రసంగం జరుగుతోంది. ప్రసంగం మధ్య చప్పుడు చేయడం పాపమని కొట్టలేదు. పట్టుకురావడానికి బుట్ట లేక స్టెబింగ్ కొట్టంలోది తీసుకున్నాడు. స్టెబింగ్ గుంపూ నాదే, బుట్టా నాదే అన్నాడు. "పెనం చప్పుడు ఎవరైనా విన్నారా?" అని న్యాయాధికారి అడిగాడు. ఎవరు వింటారు, అందరూ ప్రసంగం వింటున్నారు.

అంతకుముందు ఒక చిన్న కేసు కూడా ఉండటం వల్ల ఏడేళ్లు వేశారు.

ఇంతకు మించి నేను చెప్పగలిగింది లేదు.

విన్నిఫ్రెడ్ ఆల్డస్

* * *

హోబర్ట్
6 ఏప్రిల్ 1975

గౌరవనీయురాలైన మిసెస్ ఆల్డస్ గారికి,

దేవుడి మీద గౌరవంతో ఏడేళ్లు ద్వీపాంతరం పోయిన మనిషికి వారసుణ్ణని తెలిసి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నేనైతే పెనం వాయించి ఉండేవాణ్ణి.

మీ ఉత్తరం నానమ్మకు చూపించడానికి నది దాటి వెళ్లాను. జనవరిలో ఓడ గుద్ది మా పెద్ద వంతెన కూలిపోయింది. అప్పటినుంచి సగం ఊరు పడవల్లోనే తిరుగుతోంది. నానమ్మది అవతలి ఒడ్డు. పడవ దిగి, గాలికి ఎగిరిపోకుండా మీ కాగితాన్ని చొక్కాలో దాచి, ఆమె గుమ్మం ఎక్కాను.

మొత్తం విని, "బాగుంది. ఎవరో పాపం," అంది.

"నానమ్మా, ఈయన మీ తాతే."

"ఒరేయ్ కిట్, నీకు పరీక్షలెప్పుడు?"

"నవంబరులో."

"అయితే వెళ్లి చదువుకో."

చదువుకోవడానికే వెళ్లాను, ఖైదీల పుస్తకం. దస్త్రాల కార్యాలయం గుమాస్తా, పెద్దరోగం బయటపెట్టే డాక్టరులా గొంతు తగ్గించి "మీకు చుట్టమా?" అని అడుగుతాడు. అవునంటే చెయ్యి నొక్కి మరీ పుస్తకం ఇస్తాడు.

జాబెజ్ ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. ఎడమ చేతి మీద పచ్చబొట్టు: సూర్యుడు, చంద్రుడు, మధ్యలో ఎస్, ఎఫ్. ఓడ దిగగానే లెక్కలవాడు "నీ సంగతులన్నీ కాగితాల మీద ముందే వచ్చాయి, నిజం చెప్పు" అని బెదిరిస్తే, పాపం నమ్మి, ఎవరూ అడగని రెండు టర్నిప్‌ల దొంగతనం కూడా ఒప్పేసుకున్నాడు. తర్వాత పనికి పెట్టిన ఇంట్లో యజమాని కుక్కని దుర్భాషలాడినందుకు మూడు రోజులు చీకటి కొట్టు, రొట్టె, నీళ్లు. కుక్క ఏమన్నదో నమోదు కాలేదు.

ఇక అసలు విషయం. ఖైదీ పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. జాబెజ్ 1838లో అడిగాడు, పిల్ల పేరు హానర్, అదే ఇంట్లో పనిమనిషి. ఓడ దిగినప్పుడు తనకు ఊళ్లో భార్య ఉందని చెప్పుకున్నాడు కనుక కుదరదన్నారు. 1840 జనవరిలో మళ్లీ అడిగాడు. ఈసారి దస్త్రంలో మీ ఊరి చర్చి గుమాస్తా రాసిన ఉత్తరం ఉంది: "సూసన్నా, జాబెజ్ భార్య, గత ఆగస్టులో జ్వరంతో చనిపోయింది." సరేనన్నారు, పెళ్లయింది. మొదటి బిడ్డ మార్చిలో పుట్టింది. నేను లెక్కల్లో బలహీనుణ్ణి కనుక ఆ నెలల జోలికి పోను. మా నానమ్మ నాన్న ఎబ్ ఆఖరివాడు, 1850.

1839 ఆగస్టులో సూసన్నా సమాధి చేసిన నమోదు పంపగలరా? అది కూడా ఉంటే కమిటీకి సాక్ష్యం పూర్తి.

మీ
కిట్ లాకెట్

* * *

హార్క్‌ఫీల్డ్
21 ఏప్రిల్ 1975

మిస్టర్ లాకెట్‌కి,

1839లో సూసన్నా గారడ్‌ను సమాధి చేసిన నమోదు లేదు. ఎందుకంటే ఆమె చావలేదు.

1841 అక్టోబరులో బండిచక్రాలు చేసే డేనియల్ రష్‌బ్రూక్‌ను పెళ్లి చేసుకుంది. రిజిస్టరులో ఆమె పేరు పక్కన "విధవ" అని ఉంది. పోయింది 1879లో.

మీ ఉత్తరాన్ని బట్టి ఆమె రెండో పెళ్లినాటికి జాబెజ్ నిక్షేపంగా ఉన్నాడు, కుక్కల్ని తిడుతున్నాడు. బతికున్న భార్యను జ్వరంతో చంపించి పెళ్లాడిన మనిషి సమాధి మీద గడ్డి పెరిగితే పెద్దగా అన్యాయం జరిగినట్టు నాకనిపించదు.

రుజువులు జతచేశాను. దయచేసి వీటిని కమిటీకి ఇచ్చే ముందు మీ నానమ్మగారికి చూపించండి.

వి. ఆల్డస్

* * *

హోబర్ట్
20 జులై 1975

మిసెస్ ఆల్డస్ గారికి,

ఇన్నాళ్లూ రాయనందుకు మన్నించాలి. మీ కోపం ఎయిర్ మెయిల్ కాగితాన్ని కూడా మడత పెట్టలేనంత బరువు చేసింది. అది రిజిస్టరు రాసేవారి కోపంలా లేదు. ఎందుకో అడిగే ధైర్యం నాకు లేదు.

మీరు చెప్పినట్టే నానమ్మకే ముందు చూపించాను. చదివింది. కళ్లద్దాలు తీసింది. ఏప్రిల్ చివర్నించి నిన్నటిదాకా ఆ విషయం ఎత్తితే చాలు, లేచి వంటింట్లోకి వెళ్లి ఆపిల్ జామ్ చేయడం మొదలుపెట్టేది. మా ఇంట్లో ఇప్పుడు పదిహేడు సీసాలున్నాయి.

నిన్న వర్షం. అవతలి ఒడ్డుకు పడవలు ఆపేశారు, నేను అక్కడే చిక్కుకుపోయాను. చెప్పకుండానే మొదలుపెట్టింది.

"దొంగతనం అయితే నేనేం సిగ్గుపడను. ఆకలేస్తే ఎవడైనా దొంగతనం చేస్తాడు."

"ఈయన ఆకలికి కూడా కాదు నానమ్మా. ఈగల కోసం."

"నోర్ముయ్. నా సిగ్గు అది కాదు. మా నాన్న చచ్చిపోయే ముందు చెప్పాడు. ఆ మొదటి ఆవిడ బతికే ఉందని. బతికున్న మనిషిని చచ్చిందని రాయించుకుని మా నానమ్మను చేసుకున్నాడు. మరి మేమెవరం? ఏ పేరుతో సంతకం పెట్టమంటావు? గారడ్ అనా? ఆ పేరు మాది కాదు. ఆవిడది."

"మీ నాన్నకెలా తెలిసింది?"

గది లోపలికి చెయ్యి చూపించింది.

"ఉత్తరం వచ్చింది. 1856లో. ఆ కూతురు రాసింది, కెజయ్య. అమ్మ కులాసా అని. మా వాళ్లు దానికి జవాబు ఇవ్వలేదు. ఇస్తే ఒప్పుకున్నట్టే కదా. అది నా దగ్గరుంది."

"చూపించవా?"

"నీకెందుకు? నీకు రాసిందా?"

చూపించలేదు.

ఇదీ సంగతి. నాన్న సంతకం కమిటీకి పనికిరాదు, పెద్దావిడ ఉండగా ఆయన చిన్నవాడట. నాది అసలే పనికిరాదు. ఇంక రెండు నెలల పది రోజులు. బ్రాక్‌వెల్‌లో ఇప్పటికే ఆరు రాళ్లు తీసి గోడకు ఆనించారు. జాబెజ్‌ది గోడకి దగ్గర్లోనే ఉంది, మోతకూలి కూడా ఎక్కువ కాదని కమిటీ అధ్యక్షురాలు మిస్ పైబస్ నాతో అన్నారు. ఓదార్పుగానే అన్నారు.

పెనం కొట్టని మనిషి పక్షాన,
కిట్

* * *

హార్క్‌ఫీల్డ్
4 ఆగస్టు 1975

కిట్‌కి,

ఆ ఉత్తరం చేరిందా!

నీ కాగితం వచ్చినప్పుడు నేను కోడిగుడ్లు తుడుస్తున్నాను. ఒకటి పగిలింది. నూట పందొమ్మిది ఏళ్లుగా మా ఇంట్లో ఆడవాళ్లందరూ ఆ ఉత్తరం సముద్రంలో పోయిందనే అనుకున్నారు. ఓడ మునిగిందని ఒకరు, చిరునామా తప్పని ఒకరు. వాళ్ల నాన్న చూసి పక్కన పడేశాడేమో అని మాత్రం ఎవరూ పైకి అనలేదు.

చెప్పాల్సింది నేనూ దాచాను. కెజయ్య మా అమ్మమ్మకు తల్లి. నేను జాబెజ్ పెద్ద కూతురి సంతతిని. నీ మొదటి ఉత్తరంలో ఆ పేరు చూడగానే తెలుసు. అటువైపు నుంచి మనుషులు వచ్చి మర్యాదగా "మా జాబెజ్" అంటుంటే, నాకు చెప్పాలనిపించలేదు. మీ జాబెజ్ ఏమిటి? మమ్మల్ని వదిలేసి పోయినవాడు కదా.

కానీ ఏప్రిల్‌లో నేను రాసింది సగం నిజమే. మిగతా సగం ఇది. కెజయ్య తన కూతురికి చెప్పింది, ఆమె మా అమ్మకు, అమ్మ నాకు.

1839 ఎండాకాలంలో జాబెజ్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అతనికి రాయడం రాదు, రాయించాడు. చర్చి గుమాస్తా చదివి వినిపిస్తూ "ఆడచేతి రాత" అన్నాడట. ఉత్తరంలో ఉన్నది ఇదీ: నన్ను పంపేటప్పుడు ప్రభుత్వం ఖర్చు పెట్టుకుంది, తిరిగి తెచ్చేందుకు పెట్టదు. నేను రాలేను. నీకు ఇంకా ముప్పై నిండలేదు. నన్ను పోయాడనుకో. నువ్వు పోయావని ఒక కాగితం రాయిస్తే నాకిక్కడ ఒక ఇల్లు ఏర్పడుతుంది. రాయించకపోయినా నిన్ను తప్పుపట్టను.

సూసన్నా ఆ ఉత్తరాన్ని మూడు రోజులు దగ్గరే పెట్టుకుంది. నాలుగో రోజు తనే గుమాస్తా దగ్గరికి వెళ్లి, "నేను జ్వరంతో పోయానని రాయి" అంది. "బతికున్న దానివి, ఎలా రాయను?" అన్నాడు. "రాసేది నా చావు కదా, నీకేం నొప్పి?" అందట. రాశాడు.

ఆ సాయంత్రం ఆమె తేనెపట్ల దగ్గరికి వెళ్లింది. మా వైపు ఇంట్లో చావు జరిగినా, పెళ్లి జరిగినా ముందు ఈగలకు చెప్పాలి. చెప్పకపోతే అలిగి లేచిపోతాయి. చావైతే బుట్టకు నల్లగుడ్డ కట్టి, వీధి తలుపు తాళంచెవితో మూడుసార్లు తట్టి చెబుతారు. పెళ్లైతే కేకు ముక్క పెడతారు. సూసన్నా నల్లగుడ్డా కట్టింది, కేకు ముక్కా పెట్టింది. తొమ్మిదేళ్ల కెజయ్య పక్కనే ఉంది. తల్లి తట్టి చెప్పిన మాట ఇదీ: "జాబెజ్ పెళ్లి చేసుకుంటున్నాడు. ఇక ఈ ఇంటికి రాడు. మీరు మాత్రం ఉండండి."

రోడ్డు మీద పోయేవాళ్లకు నల్లగుడ్డ కనబడింది. కేకు ముక్క కనబడలేదు. జాబెజ్ పోయాడని తెల్లారేసరికి ఊరంతా పాకింది. ఎవరూ కాగితం అడగలేదు. పాదిరీ కూడా అడగలేదు. తేనెటీగలతో అబద్ధం చెప్పే మనిషి ఈ జిల్లాలో ఉండదు కదా. రెండేళ్ల తర్వాత ఆమె పేరు పక్కన "విధవ" అని రాస్తుంటే ఆమె కాదనలేదు. తను చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

ఈగలు ఎక్కడికీ పోలేదట.

నీ నానమ్మకు ఇది చదివి వినిపించు. ఆయన ఎవర్నీ మోసం చేయలేదు. అడిగాడు, ఆమె ఇచ్చింది. కోపం రావాల్సింది మాకు. అది మా ఇంట్లో తరతరాలుగా బాగానే ఉంది, ఇకముందూ ఉంటుంది. కానీ కోపం వేరు, సమాధి వేరు.

ఆమె సంతకం పెట్టకపోతే నేను పెడతాను. పెద్ద కూతురి శాఖ మాది. కమిటీకి ఉత్తరం, సంతకంతో సహా, ఇందులో పెట్టాను. సెప్టెంబరు చివరి వారం దాకా ఆగి, అప్పటికీ ఆమె కదలకపోతే ఇచ్చెయ్యి.

విన్నిఫ్రెడ్

* * *

హోబర్ట్
15 సెప్టెంబరు 1975

అక్కయ్యకు,

తిట్టకండి, లెక్క వేశాను. జాబెజ్ నుంచి దిగితే మీరూ నేనూ ఒకే మెట్టు మీద ఉన్నాం. మీకు అరవై ఒకటి, నాకు ఇరవై ఒకటి, అయినా మీరు నాకు అక్క వరస. ఇక మా నానమ్మ మీ అమ్మమ్మకు చెల్లెలి వరస. అంటే మీరు నానమ్మకు మనవరాలు. ఈ లెక్కే కొంప ముంచింది, లేక నిలబెట్టింది. వినండి.

మీ ఉత్తరం నానమ్మకు చదివి వినిపించాను. "మీరు మాత్రం ఉండండి" దగ్గర ఆగి ముక్కు చీదుకున్నాను. జలుబు. నానమ్మ కిటికీలోంచి నదిని చూస్తూ కూర్చుంది.

"ఆవిడే రాయించిందా?"

"ఆవిడే."

"చట్టం ఒప్పుకుంటుందా?"

"రెండో ఏడు విద్యార్థిగా చెప్తున్నాను, ఒప్పుకోదు. ఆయన రెండో పెళ్లీ, ఆవిడ రెండో పెళ్లీ చెల్లవు. మన శాఖ గాల్లోనే ఉంది."

"చట్టం సంగతి అడిగాను, అయిపోయింది. ఆవిడ ఒప్పుకుందిగా." కవరు వైపు చూసి, "ఆ రెండో కాగితం ఏమిటి?"

దాచేలోపే చూసేసింది. మీ సంతకం. చదివి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని మళ్లీ చదివింది.

"ఎవరీవిడ?"

"వరసకి నీ మనవరాలు."

"మనవరాలా? నేను ఇక్కడ గుండ్రాయిలా కూర్చుని ఉండగా, ఎక్కడో భూగోళం అవతల ఉన్న మనవరాలు మా తాతకి సంతకం పెట్టడమా? వదిలేసి వచ్చిన పిల్ల సంతతి పెట్టడమా? మేం బతికే ఉన్నామా, చచ్చామా? నా కోటు తే."

"ఇవాళ ఆదివారం నానమ్మా. చర్చి జరుగుతూ ఉంటుంది."

"జరగనీ."

పడవ, బస్సు, ఇంకో బస్సు. బ్రాక్‌వెల్ చేరేసరికి పాదిరీగారు ప్రసంగంలో ఉన్నారు. నానమ్మ నడవాలోంచి, కర్ర టకటకలాడించుకుంటూ, తిన్నగా ముందుకు నడిచింది. మన వంశంలో మొదటిసారి ఒకరు ప్రసంగం మధ్యలో చప్పుడు చేశారు. ఆయన ఆగిపోయారు.

"ఏదైనా సహాయం కావాలా అమ్మా?"

"కావాలి. సంతకం పెట్టాలి. ఎలాగూ పైకి చదువుతారట కదా, నేనే చెప్పేస్తాను, మీకు శ్రమ ఎందుకు. నేను ఆల్మా లాకెట్‌ని. పుట్టుకతో గారడ్‌ని. గోడ పక్కనున్న జాబెజ్‌కి మనవరాలిని. దొంగతనానికి శిక్షపడి వచ్చాడు. రెండు పెళ్లిళ్లు చేసుకున్నాడు, మొదటావిడ అనుమతితో. ఆ రాయి కదిపితే ఊరుకోను. కలమెక్కడ?"

మిస్ పైబస్ కలం ఇచ్చారు. నానమ్మ సంతకం పెట్టింది. పాదిరీగారు ప్రసంగం ఎక్కడ ఆపారో మర్చిపోయి, కీర్తన పాడించేశారు.

బయట మెట్ల మీద మిస్ పైబస్ నన్ను పక్కకు లాగారు. వారి పెద్దలు సొంత ఓడలో, సొంత పియానోతో వచ్చారని ఊరందరికీ తెలుసు.

"ఆ ఖైదీల పుస్తకాలు ఎక్కడ ఉంటాయన్నావు, బాబూ?" అన్నారు. "నాకోసం కాదులే. తెలిసినవాళ్లు అడిగారు."

రాయి ఉంటుంది, అక్కయ్యా. మీ కాగితం కూడా వృథా కాలేదు. నానమ్మ అది చేతిలోంచి లాక్కుని, దస్త్రంలో తన కాగితం కింద పెట్టించింది. "పెద్దది పైన, చిన్నది కింద. వరస వరసే," అంది.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో, నన్ను రెండు కాగితాలు, కవరు అడిగింది. ఏం రాయబోతోందో నాకు చెప్పలేదు. అది మీకు విడిగా వస్తుంది.

మీ తమ్ముడు,
కిట్

* * *

హోబర్ట్, తూర్పు ఒడ్డు
18 సెప్టెంబరు 1975

విన్నిఫ్రెడ్‌కి,

సంతకం నేను పెట్టాను. నువ్వు శ్రమ తీసుకోనక్కరలేకపోయింది. అయినా తీసుకున్నావు, అందుకు మెచ్చుకుంటున్నాను.

నీ కెజయ్య రాసిన ఉత్తరం ఇందులో పెట్టి పంపుతున్నాను. అది మీ ఇంటిది. దానికి జవాబు రాయాల్సింది మా వాళ్లు. వాళ్లెవరూ లేరు కనుక నేను రాస్తున్నాను. ఆమె అడిగిన వరసలోనే చెబుతాను.

"నాన్న బతికే ఉన్నారా?" ఆ ఉత్తరం వచ్చేనాటికి బతికే ఉన్నాడు. తర్వాత ఇంకో ఇరవై ఎనిమిదేళ్లు ఉన్నాడు. నిద్రలో పోయాడు.

"ఆరోగ్యం ఎలా ఉంది?" కుడి మోకాలు నొప్పి. మిగతాది ఇనుము. డెబ్బై ఏళ్లప్పుడు కూడా చెట్టెక్కేవాడని మా నాన్న చెప్పేవాడు.

"ఆయన్ని చూసుకునేవాళ్లు ఉన్నారా?" ఉన్నారు. మా నానమ్మ హానర్ మంచి మనిషి. నోరు చెడ్డది, చెయ్యి మంచిది. ఆమె గురించి ఇంతకు మించి నువ్వు వినాలనుకుంటావో లేదో తెలియదు.

"అక్కడ తేనెటీగలు బతుకుతాయా అని అమ్మ అడగమంది." బతుకుతాయి. ఆయన చివరి దాకా పెంచాడు. పదకొండు పట్లు.

"అమ్మకు కోపం లేదని చెప్పమంది. నాకు కొంచెం ఉంది." ఇది ఆయనకు చెప్పారో లేదో నేను చెప్పలేను. ఆయనకు చదవడం రాదు. ఇంట్లో చదవగలిగింది హానర్ ఒక్కతే. ఆమె చదివి వినిపించిందో, దాచేసిందో మా నాన్నకు కూడా తెలియదు. కానీ కాగితం చూడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. ఒకసారి చదివి దాచిన కాగితం అలా చిరగదు. కింద అంచున బొటనవేలి ముద్ర ఉంది, మైనంతో. ఒకటి కాదు. లెక్కపెట్టు. మా ఇంట్లో మైనం చేతులు ఒక్కరివే.

ఆఖరున ఆమె, "నాకు ఇప్పుడు రాయడం వచ్చు, ఇది నా చేత్తోనే రాశాను. ఇది అందితే అందిందని ఒక్క ముక్క ఎవరిచేతనైనా రాయించండి, నాన్నా" అంది.

అందింది.

ఆల్మా గారడ్